వెనక్కి వేసిన అడుగు

సంచి హైమ సర్దుతోంది. నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. రెండు నేత చీరలు, మూడు తువ్వాళ్ళు, బీపీ మాత్రలు, కళ్ళజోడు పెట్టె, గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు.

"రెండు రోజుల ప్రయాణానికి మూడు తువ్వాళ్ళెందుకే?" అన్నాను.

"నువ్వు సర్దుకుంటే నీ ఇష్టం వచ్చినట్టు ఉండేది. సర్దవుగా! నాకు అరవై మూడేళ్ళొచ్చాయి, నువ్వు ఒక్క సంచి సర్దగా చూళ్ళేదు పెద్దమ్మా. మహారాణివి."

నిజమే. హైమ టీచరు ట్రైనింగుకి గుంటూరు వెళ్ళినప్పుడు కూడా దాని ట్రంకుపెట్టె పక్కింటి మీనాక్షమ్మ చేత సర్దించాను. నాకు బద్ధకమని హైమ అనుకుంది. తర్వాత తర్వాత అది మా ఇంట్లో ఒక వేళాకోళం అయిపోయింది.

హైమ నా చెల్లెలు పూర్ణ కూతురు. మూడేళ్ళ పిల్లప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. తెనాలి మునిసిపల్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. మొగుడు పోయి పదేళ్ళు. కూతురు అనకాపల్లిలో ఉంటుంది, రమ్మంటుంది. "పెద్దమ్మని వదిలి ఎలా వస్తానే" అని హైమ ఫోనులో చెప్పే మాట నేను రోజూ వింటాను.

సంచి జిప్పు వేసి, హైమ గోడ మీది ఫోటో తుడిచింది. ఎక్కడికి బయలుదేరినా తుడుస్తుంది. మద్రాసు వడపళనిలో ఒక స్టూడియోలో తీయించిన ఫోటో. గుండ్రటి స్టూలు మీద బుట్ట చేతుల గౌను వేసుకున్న మూడేళ్ళ హైమ, చేతిలో కాగితప్పువ్వు.

"చూడు, ఎంత ముద్దుగా ఉన్నానో! ఆవిడ మొహానికి రాసుకునే స్నో సీసా మర్చిపోకుండా పట్టుకెళ్ళింది. దువ్వెన పట్టుకెళ్ళింది. దీన్ని మాత్రం గోడకే వదిలేసింది," అంది నవ్వుతూ.

ఆవిడ అంటే వాళ్ళమ్మ. హైమ ఎప్పుడూ 'అమ్మ' అనదు. పదేళ్ళప్పుడు ఈ మాటే ఏడుస్తూ అనేది. నలభై దాటాక నవ్వుతూ అంటోంది. ఆ స్నో సీసా, ఆ దువ్వెన సంగతి దానికి చెప్పింది నేనే. "మీ అమ్మ సంచి సర్దుకుని ఎవరితోనో వెళ్ళిపోయిందే" అని ఊరికే చెబితే పిల్ల నమ్మదేమోనని, సంచిలో ఏమేం పెట్టుకుందో కూడా చెప్పాను.

మేం వెళుతున్నది మద్రాసు. పేరు మారి ఎన్నేళ్ళయినా నా నోటికి అదే వస్తుంది. అక్కడ ఒక పాత స్టూడియోలో షూటింగులు జరిగిన నాలుగో నంబరు ఫ్లోరును సినిమా చరిత్ర మ్యూజియంగా మార్చారు. వాళ్ళ ఉత్తరం హైమ నాకు ఐదారుసార్లు చదివి వినిపించింది. 1971లో అదే ఫ్లోరులో తీసిన ఒక జానపద చిత్రంలో, రాకుమారి ఇత్తడి బిందెతో కొలనులో మునిగిపోయే షాట్‌లో నాయికకు డూప్‌గా చేసిన శ్రీమతి భ్రమరాంబగారు ఇంకా ఉన్నారని తెలిసి సంతోషించామని, వారు వచ్చి తమ కొత్త యంత్రం ముందు సాక్షిగా కూర్చోవాలని అందులో ఉంది. నేను ఉన్నానని వాళ్ళకు రాసింది హైమే. ఇంటికి ఎవరొచ్చినా ఫోనులో ఆ షాట్ వేసి చూపిస్తుంది. పదకొండు సెకన్లు. "ఆ వీపు మా పెద్దమ్మది" అంటుంది.

ఆ వీపు నాది కాదు. పూర్ణది. పూర్ణ ఎవరితోనూ వెళ్ళిపోలేదు. ఆ కొలనులోనే పోయింది. ఈ మాట నేను అరవై ఏళ్ళుగా హైమకు చెప్పలేదు. చెబితే హైమ నా మొహం చూస్తుందా అన్న భయంతోనే ముసలిదాన్నయ్యాను.

ఒంట్లో బాగోలేదని రెండుసార్లు ప్రయాణం వాయిదా వేయించాను. మూడోసారి హైమ డాక్టరును ఇంటికే పిలిచింది. ఆయన, "మీ పెద్దమ్మగారు మనందరికంటే గట్టిగా ఉన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను బడికి వెళ్ళలేదు. సెట్టు మీద కూర్చోబెట్టిన గంటల్లో డైలాగు కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత ఎడిటింగ్ గదిలో ఫిలిం ముక్కలు అతికించే జాయినర్‌గా పనిచేస్తూ డబ్బాల మీది పేర్లు చదివాను. పని మానేసి హైమ దగ్గరికి తెనాలి వచ్చాక గ్రంథాలయంలో కథలయ్యాయి, సైన్సు పుస్తకాలయ్యాయి. కాబట్టి ఆ యంత్రం గురించి పేపర్లో పడినప్పుడే చదివాను. దానికి వెనుకచూపు అని పేరు పెట్టారు. సినిమాలో కనిపించేది కెమెరా ముందున్నది. కెమెరా వెనక ఏముందో ఆ యంత్రం చూపిస్తుందట. ఆ రోజు పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. పెట్టి ఏం లాభం? హైమ ఫోనులోనే చదివేసింది.

పొద్దుటి రైలెక్కాం. కిటికీ పక్క హైమ కూర్చుంది. సూళ్ళూరుపేట దాటాక అడిగింది: "నీళ్ళలోకి దిగుతుంటే భయమెయ్యలేదా పెద్దమ్మా?"

"వేసింది."

"మరి ఎలా దిగావే?"

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాను. "నీళ్ళు తాగుతావా?" అన్నాను.

మర్నాడు ఉదయం మ్యూజియంకి వెళ్ళాం. స్టూడియో గేటు అలాగే ఉంది. రంగు మారింది. లోపల మొదటి హాలులో చేత్తో తిప్పే ప్రొజెక్టరు, డేరా టాకీసు నమూనా, నేల తరగతి ఇసుక కూడా పోసి పెట్టారు. బడిపిల్లలు ఆ ఇసుకలో కూర్చుని ఈలలు వేస్తున్నారు. రెండో హాలులో నా బల్ల కనిపించింది. సరిగ్గా నాదే అని చెప్పలేను, అలాంటిది. ఫిలిం అంచు గీకే బ్లేడు, అతికించే ఫిలిం సిమెంటు జిగురు సీసా, చేతికి తొడుక్కునే తెల్ల నూలు గ్లౌజులు. నా వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

"మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు ఈ పని చేసింది," అని హైమ అక్కడ నిలబడ్డ కాపలా ఆయనకు చెప్పింది. ఆయన లేచి నాకు దణ్ణం పెట్టాడు. ఆ పని నాకు ఎందుకు ఇచ్చారో తెలిస్తే పెట్టేవాడు కాదు.

మూడో హాలులో అద్దాల పెట్టెలో బిందె. సొట్టలు అలాగే ఉన్నాయి. బాగా తోమి పెట్టారు. కింద కార్డు మీద సినిమా పేరు, సంవత్సరం, 'డూప్: భ్రమరాంబ' అని ఉంది. సినిమా పేరు నేనిక్కడ రాయను. అందులో పనిచేసినవాళ్ళ పిల్లలు, మనవలు ఉన్నారు.

"కార్డు పక్కన నిలబడు," అని హైమ ఫోను తీసింది. "నవ్వు పెద్దమ్మా. రేషను కార్డు ఫోటోకి కూర్చున్నట్టు మొహం పెట్టకు."

నవ్వాను. ఆ ఫోటో ఇప్పటికీ దాని ఫోనులో ఉందో లేదో తెలియదు.

యంత్రం ఉన్న గది ఫ్లోరుకి చివర. నాలుగు తెల్ల గోడలు, మధ్యలో రెండు కుర్చీలు. డాక్టర్ మృదుల అని ఒకామె ఎదురొచ్చింది. నెల్లూరు పిల్ల. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, కళ్ళ కింద నల్లగా ఉంది. యంత్రం కనిపెట్టినవాళ్ళలో ఆమె ఒకతె.

"అదెలా తెలుస్తుందమ్మా, కెమెరా చూడనిది?" అని హైమ అడిగింది.

మృదుల ఒక తెల్ల కాగితం తీసి హైమ ఎర్ర చీర కొంగు దగ్గరగా పెట్టింది. "కాగితం ఏ రంగులో ఉందండీ?"

"కాస్త ఎర్రగా."

"మీ చీరను నేను ఫోటో తీయలేదనుకోండి. ఈ కాగితాన్ని మాత్రమే తీశాను. పక్కన ఎర్రచీర ఉందని కాగితమే చెబుతుంది కదా. ఫిలిం మీద ప్రతి గోడా, ప్రతి మొహమూ, ప్రతి నీటి చుక్కా అలా పక్కవాటి సంగతి కొంచెం కొంచెం చెబుతుంటాయి. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు. అన్నీ కలిపి చదువుతుంది."

"తోమిన చెంబులో వంటిల్లంతా వంకరగా కనిపిస్తుందే, అలాగా?" అన్నాను.

మృదుల నా వైపు తిరిగింది. "అదేనండి. ఆ వంకర తీసేస్తుంది, అంతే. మీ షాట్‌లో ఇత్తడి బిందె ఉంది, నీళ్ళున్నాయి. ఇంత మంచి షాట్ మాకింకోటి దొరకలేదు."

తర్వాత ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంది. చూసినదానివల్ల కలిగే బాధకు మ్యూజియం బాధ్యత వహించదని రాసి ఉంది.

"ఇదేంటమ్మా, ఆపరేషన్‌కి తీసుకున్నట్టు?" అంది హైమ.

మృదుల నవ్వలేదు. "మొదట్లో ఈ కాగితం లేదండీ. పోయిన నెల ఒక మేకప్ ఆయన వచ్చారు. ఎనభై ఎనిమిదేళ్ళు. తను లేనప్పుడు తన తమ్ముడు మేకప్ గదిలో ఏం చేశాడో చూశారు. ఇంటికెళ్ళి తమ్ముడితో మాట మానేశారు. ఆ తమ్ముడు మొన్న పోయారు, ఈయన వెళ్ళలేదు. మా వాళ్ళు యంత్రం బాగా పనిచేసిందని రిపోర్టు రాశారు. నేను రాయలేకపోయాను." పెన్ను నా ముందు పెట్టి అంది, "మనుషులు మసకగా కనిపిస్తారు. ఎత్తు తెలుస్తుంది, కదలిక తెలుస్తుంది, ఎవరో తెలియదు. అది సాక్షులే చెప్పాలి. అందుకే మిమ్మల్ని పిలిచాం. వద్దనుకుంటే ఇక్కడే ఆపేద్దాం అమ్మగారూ."

"ఆపడమెందుకు? నీళ్ళలో దిగిందీ తనే, భయపడేదీ తనేనా?" అని హైమ నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. నేను సంతకం పెట్టాను.

గది చీకటైంది. ఎదుటి గోడ మీద కొలను వెలిగింది. రాకుమారి వీపు, జడ, చంకలో బిందె.

"సినిమాలో లేని మొదటి ఆరు సెకన్లు కూడా దొరికాయి," అంది మృదుల. "లైట్లు వెలిగే ముందువి. ఎవరో వేరే డబ్బాలో జాగ్రత్తగా దాచారు."

దాచింది నేనే. పారెయ్యమని మేనేజరు చెప్పిన ముక్క అది. పారెయ్యలేక, పాటల తాలూకు చెత్త అని డబ్బా మీద రాసి పెట్టాను.

మెల్లగా మా వెనక గోడ తేలింది. పొగతో చేసినట్టున్న మనుషులు. కెమెరా వెనక పొడుగాటి ఆయన, కుర్చీలో ఒకాయన, లైట్ల దగ్గర ఇద్దరు. కుడి చివర ఒక ఆడమనిషి. భుజం మీద తువ్వాలు, చంకలో చిన్నపిల్ల.

హైమ కుర్చీలోంచి లేచింది.

"పెద్దమ్మా, ఆ పిల్ల నేనే. ఇంకెవరి పిల్ల ఉంటుంది ఫ్లోరులో? నేనే!" గోడ దగ్గరికి వెళ్ళింది. "నువ్వు నీళ్ళలో ఉన్నావు. మరి నన్నెత్తుకుంది... అమ్మ. పెద్దమ్మా, అది అమ్మే కదూ!"

అరవై ఏళ్ళలో దాని నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

మృదుల మళ్ళీ మొదటి నుంచి వేసింది. "ఇక్కడొకటి మాకు అర్థం కాలేదు. నీళ్ళ అడుగున లైట్లు పెట్టారు కదా, కొలను మెరవడానికి. వెయ్యబోతున్నారని అందరూ చూడటానికి ముందుకు వంగారు. ఈమె ఒక్కతే వెనక్కి ఒక అడుగు వేసింది. లైట్లు వెలిగాక కాదు, వెలగడానికి ముందే. ఎందుకో మీకేమైనా గుర్తుందా అమ్మగారూ?"

"ఎందుకేంటమ్మా?" హైమ ఏడుస్తోంది, నవ్వుతోంది. "చంకలో పిల్లుంటే నీళ్ళ దగ్గర ఎవరైనా వెనక్కే జరుగుతారు. నన్ను చూసి జరిగింది. అమ్మ కదా!" గోడ మీది ఆ పొగ భుజాన్ని అరచేత్తో నిమిరింది. "ఇంక ఆ స్నో సీసా సంగతి ఎత్తను పెద్దమ్మా. ఎందుకు వెళ్ళిపోయిందో, ఏం కష్టమొచ్చిందో. ఆ రోజైతే నన్ను ఎత్తుకుంది. చాలు నాకు."

నేను భయపడ్డది ఒకటి, జరిగింది ఒకటి. యంత్రం నా అబద్ధాన్ని పట్టుకుంటుందనుకున్నాను. అది నాకు ఇంకా మంచి అబద్ధం తెచ్చి ఇచ్చింది. ఊ అంటే చాలు. హైమకు తల్లి దొరుకుతుంది, నాకు హైమ ఉంటుంది. మృదుల రాసుకుంటుంది, మేం ఇంటికి వెళ్ళిపోతాం.

ఊ అనేదాన్నే. కానీ హైమ నిమురుతున్నది నా భుజాన్ని. దాని తల్లి వీపు ఎదుటి గోడ మీద మునిగిపోతోంది, మళ్ళీ తేలి మళ్ళీ మునుగుతోంది. హైమ అటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"అటు తిరుగు హైమా," అన్నాను. "మీ అమ్మ అటుంది."

హైమ తిరగలేదు. నా వైపు చూసింది.

"నిన్నెత్తుకున్నది నేను. నీళ్ళలో ఉన్నది పూర్ణ."

మృదుల యంత్రం ఆపబోయింది. ఆపొద్దన్నాను. వెలుగు లేకపోతే చెప్పగలిగేదాన్ని కాదు.

ఆ రోజుల్లో మాలాంటివాళ్ళను ఏజెంటు పాపయ్య తీసుకెళ్ళేవాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి రిజిస్టరు చూసి పేర్లు పిలిచేవాడు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఆ పేరుకి పలికేవారు. మొహం ఎవరూ చూసేవారు కాదు, ఒడ్డూ పొడుగూ సరిపోతే చాలు. మేమిద్దరం ఒకే కొలత. పూర్ణ నా పేరుకి, నేను పూర్ణ పేరుకి ఎన్నిసార్లు పలికామో లెక్కలేదు. కొలను షాట్‌కి పిలిచింది నన్ను.

ముందురోజు సాయంత్రం రిహార్సల్ చేశారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందె పట్టుకున్నాను. అడుగున లైట్లు వేశారు. వేలి చివర నుంచి మోచేతి దాకా జివ్వుమంది. లైటు బాయ్‌తో చెప్పాను. "ఇత్తడి బిందె కదక్కా, చల్లటి నీళ్ళు కదా, అలాగే ఉంటుంది," అన్నాడు. అది కరెంటు అని నాకు తెలుసు. మా వీధి కుళాయి దగ్గర ఒకసారి తగిలి ఎరుగుదును.

మర్నాడు పొద్దున నెలసరి వచ్చింది, బయటున్నానని చెప్పాను. అబద్ధం. ఆ మాట చెబితే ఎవరూ ఎదురు అడగరు, నీళ్ళలోకి దింపరు. పూర్ణ జడ వేసుకుంటూ నవ్వింది. "సర్లే అక్కా, నీ పేరుకి నేను పలుకుతాలే. మునగడమే కదా, వేడినీళ్ళు కాచుకునే పని తప్పింది."

పాపయ్య "భ్రమరాంబ!" అని పిలిచాడు. "ఉన్నానండీ!" అని పూర్ణ నాకు కన్ను కొట్టింది.

ఇంతవరకు చెప్పేసరికి హైమ కుర్చీ అంచున కూర్చుంది. "కరెంటుందని అమ్మకి చెప్పావా?" అంది.

"లేదు."

"ఎందుకు?"

"చెబితే తనూ దిగదు. ఎవరూ దిగకపోతే పాపయ్య మళ్ళీ మమ్మల్ని పిలవడు. ఏమీ కాదులే అనుకున్నాను."

"ఏమీ కాదనుకున్నదానివి వెనక్కెందుకు జరిగావు?"

అరవై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నది అదే. నాకు తెలుసు కాబట్టి జరిగాను. నా కాలికి తెలిసింది నా నోటితో చెప్పలేదు.

మిగతాది కూడా చెప్పాను. షాట్ అయింది. డైరెక్టరు ఓకే అన్నాడు. ఊపిరి ఎంతసేపు బిగబట్టిందో చూడండని అందరూ చప్పట్లు కొట్టారు. బిందె తేలుతోంది, పూర్ణ తేలలేదు. లైట్లార్పి ఇద్దరు దిగి బయటికి తీశారు. తువ్వాలు నా భుజం మీదే ఉంది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు.

మేనేజరు నన్ను మేకప్ గదిలో కూర్చోబెట్టాడు. కఠినంగా మాట్లాడలేదు. సోడా తెప్పించాడు. "ఫ్లోరు మూసేస్తే నాలుగొందల మంది ఇళ్ళకి పోవాలమ్మా. రిజిస్టర్లో ఉన్నది నీ పేరు. ఆ పేరు గల మనిషి నా ఎదురుగా బతికే ఉంది. పూర్ణ అనే మనిషి ఇవాళ ఈ ఫ్లోరుకి రానే లేదు. మరి పోయిందెవరు? నువ్వే చెప్పు," అన్నాడు.

"ఎవరూ పోలేదండి," అన్నాను.

పిల్లను పెంచుకోవడానికి నీడపట్టున పని ఇప్పిస్తానన్నాడు. ఇప్పించాడు కూడా. పూర్ణకు వాళ్ళే ఎక్కడో ఏదో పేరుతో దహనం చేశారు. నేను వెళ్ళలేదు. ఇల్లుగలావిడ అడిగితే వెళ్ళిపోయిందని చెప్పమన్నాడు. వెళ్ళిపోయినట్టు కనిపించాలంటే సంచి ఉండకూడదన్నాడు. గదికి వెళ్ళాను. ఇంకా ఎండ ఉంది. నిద్రపోతున్న హైమను చాప మీద పడుకోబెట్టాను. పూర్ణ సంచి తీసి రెండు చీరలు, రవికలు, దువ్వెన, చేతి అద్దం, స్నో సీసా సర్దాను. సీసా మూత సరిగ్గా బిగించానో లేదో అని రెండుసార్లు చూశాను. చీరలకు అంటుకుంటుందని. సందు చివర నిలబడ్డ స్టూడియో కారులో సంచి ఇచ్చేశాను.

హైమ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అడిగింది: "అన్నీ పెట్టినదానివి, నా ఫోటో ఎందుకు పెట్టలేదు?"

పెట్టి ఉంటే అది పదేళ్ళప్పుడు అంత ఏడ్చేది కాదు. అమ్మ నా ఫోటో పట్టుకెళ్ళిందని ఊళ్ళో చెప్పుకునేది. అది నాకు తర్వాత, చాలా తర్వాత తట్టింది.

"ఆ సంచి తగలబెట్టేస్తారని తెలుసు," అన్నాను. "ఫోటో ఒక్కటే ఉంది. నాకు కావాలనిపించింది."

"నీకు కావాలనిపించింది," అంది హైమ.

అప్పుడు తిరిగింది. ఎదుటి గోడ ఒక్కటే వెయ్యమని మృదులను అడిగింది. ఆ వీపును నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది: "నువ్వు ఆ అడుగు వెయ్యడం వల్ల నేను బతికానా?"

అవునంటే దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. నాకూ మిగిలేది.

"లేదే. మనం నీళ్ళకి చాలా దూరంలో ఉన్నాం. వెయ్యకపోయినా ఏమీ అయ్యేది కాదు."

బయటికొచ్చాం, మొదటి హాలు ఇసుకలో పిల్లలు ఇంకా ఈలలు వేస్తున్నారు. హైమ వరండా బల్ల మీద కూర్చుని సంచి జిప్పు తీసింది. తన చీర, తన తువ్వాలు తీసి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. నావి మళ్ళీ మడతలు సరిచేసి సంచిలో పెట్టింది. మాత్రల డబ్బా పైకి కనిపించేలా పెట్టింది. జిప్పు వేసి సంచి నా ఒళ్ళో పెట్టింది.

"సాయంత్రం మాత్ర మర్చిపోకండి," అంది.

పుట్టి మాటలొచ్చినప్పటి నుంచి అది నన్ను నువ్వనే పిలిచింది.

గేటు దాకా దాని వెనకే నడిచాను. వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది. నేను గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో, మృదుల వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేదాకా తెలియలేదు.

"దీన్ని మూసేయించాలనుంది నాకు," అంది ఆమె, ఫ్లోరు వైపు చూస్తూ.

"యంత్రానికేం తెలుసమ్మా?" అన్నాను. "అది అడుగొక్కటే చూపించింది. కార్డు మార్చాలి. నాకో కార్డు ఇవ్వు."

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, పెద్దయ్యాక నేర్చుకున్నవి. అచ్చు వేయిస్తానంది మృదుల. అచ్చు వేసేదాకా ఇదే ఉంచమన్నాను. ఆ కార్డు మీద ఇలా రాశాను: 'ఈ బిందెతో నీళ్ళలోకి దిగినది పూర్ణ. వయసు ఇరవై ఒకటి. నీళ్ళలో కరెంటు ఉందని ఆమెకు తెలియదు. ఆమె అక్క భ్రమరాంబకు తెలుసు.' కింద సంతకం పెట్టాను. బడిపిల్లల వరస ఒకటి అద్దాల పెట్టె దగ్గరికి వచ్చింది. ముందు నిలబడ్డ ఆడపిల్ల పైకి చదవడం మొదలుపెట్టింది. చివరి వాక్యం దగ్గర ఆగి, తలెత్తి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

మర్నాడు ఒక్కదాన్నే తెనాలి చేరాను. తాళం నా దగ్గరున్న తాళంచెవితో తీశాను. హైమ నాకంటే ముందు వచ్చి వెళ్ళింది. దాని బీరువా అలాగే ఉంది, పుస్తకాలు అలాగే ఉన్నాయి. గోడ మీద మేకు ఒక్కటే ఉంది. దాని కింద ఫోటో అంత మేర గోడ తెల్లగా ఉంది.

అనకాపల్లికి ఫోను చేస్తే హైమ కూతురు ఎత్తుతుంది. "అమ్మ పడుకుంది" అంటుంది. పొద్దున పదింటికి చేసినా అదే అంటుంది. నేను సరేనంటాను. సంచి ఇంకా విప్పలేదు, హైమ సర్దింది సర్దినట్టే మంచం కింద ఉంది.

పూర్ణ 1971 ఫిబ్రవరి 9, మంగళవారం పొద్దున ఇంట్లోంచి వెళ్ళింది. తిరిగి రాలేదు. హైమ 2031 ఆగస్టు 14, గురువారం నన్ను వదిలి వెళ్ళింది. తిరిగి రాలేదు.